తెలుగు బుల్లితెరకూ ఒక మహిళా కెప్టెన్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన ధారావాహికల్లో కథానాయిక పోరాటం చాలావరకు ఇంటి గడప దాటడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను. అమెరికాలో 1995 నుంచి 2001 వరకు ప్రసారమైన 'స్టార్ ట్రెక్: వాయేజర్' అనే రోదసి ధారావాహికలో కేట్ మల్‌గ్రూ పోషించిన కెప్టెన్ జేన్‌వే, దాదాపు 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయిన నౌకను, నిన్నటి తిరుగుబాటుదారులను కూడా సిబ్బందిలో కలుపుకొని, భూమి దారి పట్టిస్తుంది. ఆమె మొదట శాస్త్రవేత్త. అందుకే ఆపదలో ఆయుధం కన్నా ముందు ఆలోచనకు పని చెబుతుంది. ఆమె నిర్ణయాలన్నీ సరైనవని నేననను. ప్రమాదవశాత్తు ఇద్దరు సిబ్బంది కలిసిపోయి ఏర్పడిన టూవిక్స్ అనే వ్యక్తిని, అతను వద్దన్నా, ఆమె తిరిగి ఇద్దరిగా విడదీయించిన ఉదంతంపై ప్రేక్షకులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అయితే, తప్పొప్పుల భారాన్ని తానే మోసే అధికారాన్ని ఒక స్త్రీ పాత్రకు ఇవ్వడమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

2017-18లో నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణిపై ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా నౌకాదళ అధికారుల్లో, వర్తికా జోషి నాయకత్వాన, మన విశాఖకు చెందిన పి. స్వాతి కూడా ఉన్నారు. తూర్పు నౌకాదళ కేంద్రమైన ఈ నగరంలో ఇలాంటి కథలకు ముడిసరుకు కొరత లేదు. రోదసి నౌకకు ఒక మహిళను కెప్టెన్‌గా నిలిపి, తెలుగు చానళ్లు కనీసం ఒక్క ధారావాహికనైనా నిర్మించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం