ఆరు ఆటలకే తీర్పు చెప్పొద్దు

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025-26 సీజన్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు మొదటి ఐదు ఆటలూ వరుసగా గెలిచేసరికి మా హనుమకొండ పిల్లలు ఈసారి కప్పు మనదే అన్నారు. నవంబర్ 3, సోమవారం పొద్దున ఫీనిక్స్ సన్స్ చేతిలో 118-130తో ఓడగానే ‘అయిపాయె సార్’ అని మొహాలు వేలాడేశారు. నేను పీఈటీని. ఇరవై ఏళ్లుగా బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఆ మాటా నచ్చలేదు, ఈ మాటా నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

మొంథా తుపాను వానకు మా కోర్టంతా బురదైంది. శుక్రవారం పొద్దున ఐదున్నరకు వైపర్లతో నీళ్లు తోస్తూ, స్కూటీ సీటు మీద ఫోన్ నిలబెట్టి మయామీతో ఆట చూశాం. పదో తరగతి పిల్లాడొకడు వైపర్ పక్కన పడేసి, స్పర్స్ ఆటగాడు వెంబన్యామా (మా పిల్లలకు వెంబీ) చేతులు ఎట్లా పెడుతున్నాడో చేసి చూపించాడు. నిజంగా చూడాల్సింది అదే. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి ఎగరక్కర్లేదు, చేతులు నిటారుగా లేపి నిలబడితే చాలు. రింగు కిందికి దూసుకొచ్చినవాడు కూడా షాట్ వేయకుండా బంతిని వెనక్కి ఇచ్చేస్తాడు. స్కోరు పట్టికలో ఇది ఎక్కడా కనపడదు. డల్లాస్‌పై మొదటి ఆటలో అతని 40 పాయింట్ల గురించి అందరూ మాట్లాడారు. నాకైతే డల్లాస్‌ను 92 దగ్గరే ఆపడం ఎక్కువ నచ్చింది.

అట్లాగని సంబరాలకు తొందరొద్దు. 2023లో వెంబీ వచ్చిన కొత్తలో ఇదే జట్టు మొదటి ఐదింటిలో మూడు గెలిచింది. అందులో రెండు ఈ ఫీనిక్స్ మీదే. ఆ తర్వాత వరుసగా 18 ఓడింది. మొత్తం 82 ఆటల్లో గెలిచినవి 22. ఆ రోజుల్లో పొద్దున్నే లేవాలంటేనే బాధగా ఉండేది.

ఇప్పుడు ఆశ ఎందుకంటే, ఈ సీజన్ ఐదు గెలుపులూ బంతి నడిపించే ముఖ్య ఆటగాడు డీఆరన్ ఫాక్స్ లేకుండానే వచ్చాయి. తొడ కండరం పట్టేసి అతను ఈ ఆరు ఆటల్లో కోర్టులోకి దిగనే లేదు. స్టెఫాన్ కాసిల్, కొత్త కుర్రాడు డిలన్ హార్పర్ కలిసి బంతి నడిపించారు. ఫీనిక్స్ మీద మాత్రం వెంబీ 9 పాయింట్లకే ఆగిపోయాడు, హార్పర్ పిక్క నొప్పితో బయటికెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి వెంబీ మిగతా సీజన్ అంతా ఆడలేదు. నా టెన్షన్ అదే. ఫాక్స్ రానీయండి. వెంబీ బెంచి మీద కూర్చున్న నిమిషాల్లో ఆధిక్యం నిలుస్తుందో కరుగుతుందో డిసెంబర్ దాకా చూద్దాం. 2019 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడని జట్టు ఈసారి అక్కడికి చేరుతుందని నా నమ్మకం. కప్పు మాట ఇప్పుడే ఎత్తను.

మీకు ఒక మనవి. క్రికెట్ స్కోర్లు పూర్తిగా వేస్తున్నారు, సంతోషం. వారానికి ఒక్కసారి ఎన్‌బీఏ గెలుపోటముల పట్టిక కూడా ఒక మూలన వేయండి. మా పిల్లలకు రీల్స్‌లో ఎగిరి బంతిని రింగులో కుక్కే డంకులే దొరుకుతున్నాయి, ఓడిన ఆట ఎట్లా ఓడిందో తెలియడం లేదు. బడిలోకి ఫోన్లు రానివ్వం కాబట్టి, మీరు వేసింది కత్తిరించి నోటీసు బోర్డుకు అంటిస్తాను. గురువారం పొద్దున లేకర్స్‌తో ఆట. అది బడి వేళ, చూడలేం. శుక్రవారం మీ పేపర్లో వెతుక్కుంటాం.

- ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ