క్రీస్తు బలి పొరుగువాని బాకీని రద్దు చేయదు

సంపాదకులకు,

క్రీస్తు సిలువ మరణం మనుషుల పాపాలకు పరిహారమయిందని చెప్పే, క్రైస్తవ విశ్వాసానికి ఆయువుపట్టయిన పాపవిమోచన బోధపై గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం రెండు ఆక్షేపణలు చేసింది. ఒకరి నేరానికి నిరపరాధిని శిక్షించడం న్యాయం కాదన్నది మొదటిది. క్రీస్తు మరణంతో తన పాపాలన్నీ పరిహారమయ్యాయని నమ్మేవాడికి తప్పు చేయడానికి జంకు ఉండదన్నది రెండవది. చెన్నైలో తెలుగు ఆరాధన జరిగే సంఘంలో పుట్టి పెరిగినవాడిగా వీటికి, ముఖ్యంగా రెండవదానికి, జవాబు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మొదటి ఆక్షేపణ ఒక ఊహ మీద నిలిచి ఉంది. న్యాయాధిపతి ఒకడు, నేరస్థుడు ఇంకొకడు, ఇద్దరితోనూ సంబంధం లేని మూడవవాడెవరో మధ్యలో బలైపోయాడన్నదే ఆ ఊహ. మా ప్రసంగాలలో కొన్ని అలా వినిపించే మాట నిజమే గాని, లేఖనం చెప్పేది అది కాదు. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తనంతట తానే దానిని పెడుతున్నానని యేసు చెప్పినట్టు యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఉంది. దేవుడే క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని అపొస్తలుడు, అంటే తొలి సంఘాల బోధకుడు అయిన పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే ఎవరికి వ్యతిరేకంగా అపరాధం జరిగిందో ఆయనే దాని భారాన్ని తన మీద వేసుకున్నాడన్నమాట. ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో, అతని దాసుడైన ఒనేసిమును తిరిగి పంపుతూ, ఇతడు నీకు ఏ నష్టం కలిగించినా, ఏమి బాకీపడినా అది నా లెక్కలో వేయమని, నేనే తీరుస్తానని పౌలు స్వహస్తంతో రాసి ఇచ్చాడు. దీనిని చదివి ఎవరూ అన్యాయమనరు. తన ఇష్టంతో పూచీపడినవాడిని బలిపశువని కూడా అనరు. క్రీస్తు మరణం ఏ విధంగా మనకు విడుదల అయిందన్న విషయంలో వేదాంతులు భిన్నంగా వివరించారు. 11వ శతాబ్దం చివర కాంటర్బరీకి చెందిన అన్సెల్ము దేవుని ఘనతకు చెల్లవలసిన ఋణాన్ని ముందుకు తెస్తే, తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు మరణంపై క్రీస్తు సాధించిన విజయాన్ని ఎత్తిచెప్పాయి. ఆ చర్చలోకి ఇక్కడ వెళ్లను.

రెండవ ఆక్షేపణ అంత తేలికగా తోసివేయదగినది కాదు. ఆ ప్రశ్నను మొదట వేసింది విమర్శకులు కాదు, పౌలే. కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉందామా అని రోమీయులకు రాసిన లేఖ 6వ అధ్యాయంలో తానే అడిగి, అట్లనరాదని తానే ఖండించాడు. అయితే దీనికి మరింత పాతదైన, నిత్యజీవితానికి మరింత దగ్గరైన జవాబు మోషే ధర్మశాస్త్రంలోని లేవీయకాండము 6వ అధ్యాయంలో ఉంది. తనకు అప్పగించిన సొమ్మును కాజేసినవాడు, పొరుగువానిని మోసగించినవాడు, దొరికిన వస్తువును దాచి అబద్ధప్రమాణం చేసినవాడు అపరాధ పరిహారార్థబలిగా పొట్టేలును తేవాలి. కాని బలి అర్పించే ఆ దినానే మూలధనాన్ని, దానికి అదనంగా అయిదవ వంతును సొత్తుదారుడికి ఇచ్చివేయాలి. పొట్టేలును తెచ్చి, పొరుగువాని సొమ్మును ఇంట్లో ఉంచుకోవడానికి ధర్మశాస్త్రం ఎక్కడా ఒప్పుకోలేదు. మన అతిక్రమాలను బట్టి గాయపడిన సేవకుని గురించి యెషయా 53వ అధ్యాయం చెబుతూ, ఆయన అర్పణను సరిగ్గా ఈ అపరాధ పరిహారార్థబలితోనే పోల్చింది. క్రైస్తవులు ఆ సేవకునిలో యేసును చూస్తారు. అలాంటప్పుడు ఆ బలిని నమ్మి, దానితో ముడిపడిన చెల్లింపును విడిచిపెట్టడం ఏ విశ్వాసం?

యెరికోలో సుంకపు గుత్తదారుడైన జక్కయ్య దీనిని గ్రహించాడు. యేసు అతడిని ముందుగా ఏమీ అడగలేదు, అతని ఇంట బస చేస్తానని మాత్రమే అన్నాడు. ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని జక్కయ్య తానే నిలబడి చెప్పాడు. అతడు రక్షణను కొనుక్కోలేదు. అది ఇంటికి వచ్చినందువల్లే అతని చేయి పెట్టె మీదికి వెళ్లింది. ఈ వరుస తారుమారైతే విశ్వాసం వ్యాపారమవుతుంది. రెండవ భాగమైన చెల్లింపు రాలిపోతే వ్యాసకర్త భయపడినదే నిజమవుతుంది.

అది కొన్నిచోట్ల నిజమవుతోందని బాధతో ఒప్పుకోక తప్పదు. తమ్ముడి వాటా రాసివ్వకుండానే, పనిమనిషి జీతం నెలల తరబడి ఆపి కూడా, నా పాపాలు కడగబడ్డాయని సాక్ష్యం చెప్పేవారు మా మధ్య ఉన్నారు. సంఘం వారిని ప్రశ్నించకుండా హల్లెలూయా అంటోంది. దేవుని క్షమాపణ పూర్తిగా ఉచితమని నేను నిండు మనసుతో నమ్ముతున్నాను. కాని తమ్ముడి వాటా దేవునికి పడిన బాకీ కాదు, దానిని సిలువ దగ్గర కొట్టివేయించుకోవడానికి మనకు హక్కు లేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని చెప్పినవాడు యేసే గదా.

వేపేరి, పెరంబూరు మొదలైన ప్రాంతాల తెలుగు సంఘాలలో ఏటా శుభ శుక్రవారం మధ్యాహ్నం సిలువ మీది ఏడు మాటలను ధ్యానిస్తారు. క్రీస్తు పడిన శ్రమలను కన్నీళ్లు వచ్చేలా వర్ణించగల బోధకులు మాకు కొదవలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో వారు లేవీయకాండములోని ఆ అయిదవ వంతును గురించి కూడా ఒక్క ఆదివారమైనా బోధించాలని, ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరికి రాకముందే ఎవరికేమి తిరిగి ఇవ్వవలసి ఉందో సంఘస్థులను సూటిగా అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పురసవాక్కం, చెన్నై