నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపించకండి

సంపాదకులకు,

నిద్ర పట్టదనో, టెన్షన్ అనో ఏళ్ల తరబడి ఆల్ప్రాజోలం అనే మాత్ర వేసుకునేవాళ్లు మా బొబ్బిలి చుట్టుపక్కల నాకు తెలిసే చాలామంది ఉన్నారు. అలవాటైపోయిందని ఇంట్లోవాళ్లు ఒక్కరోజులో మాన్పించేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. మా మేనత్తకు అలాగే ఆపించారు. చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయింది. ఒళ్లంతా చెమటలు, గుండెదడ, రాత్రంతా కంటిమీద కునుకు లేదు. పాత జబ్బే తిరగబెట్టిందనుకున్నారు. కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది కూడా. డాక్టరు మళ్లీ మాత్ర మొదలుపెట్టి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తారు. తట్టుకోలేకపోతే అదే మోతాదు మీద కొన్నాళ్లు ఆగుతారు. అలా ఆగాల్సి వస్తే దిగులు పడక్కర్లేదు.

ఈ మందు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలుండే మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు మూడేళ్లు రిజిస్టరులో ఉంచాలి. అయినా కొన్నిచోట్ల పాత స్ట్రిప్ చూపిస్తే ఇచ్చేస్తున్నారు. తనిఖీలు జరగాలి. అయితే దుకాణంలో హఠాత్తుగా దొరకకపోయినా ముప్పు ఆ మాత్రకు అలవాటైనవాళ్లకే. అందుకే పీహెచ్‌సీల్లోనే మోతాదు తగ్గించే ఏర్పాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. అప్పటిదాకా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే, ఉచితంగా సలహా అడగొచ్చు.

– ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా