గ్యాస్‌కు టీ అన్నారు, ఏ టీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదోని పత్తి మార్కెట్ యార్డు దగ్గర నాకు చిన్న టీ కొట్టు ఉంది. పద్దెనిమిదేళ్లుగా అదే బతుకుదెరువు. ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో, ఛాతీలో మంటగా ఉంటే టీ తాగమని నాలుగు లైన్ల చిట్కా వేశారు. ఒక కుర్రాడు దాన్ని కత్తిరించి తెచ్చి నా కొట్టు గోడకే అంటించాడు. ఆ రోజు నుంచి అల్లం టీకి గిరాకీ పెరిగింది. సంతోషించాల్సిన నేనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ చిట్కాలో ఏ టీ అన్నది లేదు. మా దగ్గర టీ అంటే ఏమిటో చెప్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు స్టవ్ వెలిగిస్తాను. చిక్కటి పాలు, డస్ట్ టీపొడి, చక్కెర, దంచిన అల్లం. పొంగుతుంటే గరిటెతో ఎత్తి పోస్తూ బాగా మరిగిస్తే గానీ మా హమాలీలు దాన్ని టీ అనరు. కాస్త పలచనైతే 'ఏందన్నా, గ్లాసు కడిగిన నీళ్లిచ్చినావు?' అంటారు. ఖాళీ కడుపున అది ఒకటి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక ఇంకొకటి, లోడు ఎత్తిన ప్రతిసారీ ఒకటి. సాయంత్రానికి ఎనిమిది, పది గ్లాసులు. అప్పుడు ఛాతీ రుద్దుకుంటూ వచ్చి, 'మంటగా ఉండాది, అల్లం ఎక్కువేసి ఇయ్యి' అంటారు. నేనూ ఇస్తాను. నా బోర్డు మీదే 'గ్యాస్‌కు స్పెషల్ అల్లం టీ' అని రాయించుకున్నాను మరి.

పోయిన ఏడాది ఆ మంట నాకే పట్టుకుంది. రాత్రి పడుకుంటే పులుపు గొంతు దాకా వచ్చేది. నాకు తెలిసిన వైద్యం టీయే కదా, లేచి కాచుకుని తాగేవాణ్ని. పది నిమిషాలు హాయి, తర్వాత రెండింతల మంట. చివరికి డాక్టరు దగ్గరికి పోతే ఆయన అడిగిన మొదటి మాట, ఏం పని చేస్తావని. చెప్పగానే నవ్వారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. అన్నం దిగే గొట్టానికీ పొట్టకూ మధ్య ఒక కండరం సంచి మూతిలా బిగుసుకుని ఉంటుంది. అది సడలితే పొట్టలోని యాసిడ్ పైకి తంతుంది. అందరికీ ఒకేలా కాదు గానీ, టీ కాఫీల్లోని కెఫీన్, నూనె వేపుళ్లు, పొగాకు దాన్ని సడలిస్తాయి. పాలు తాగిన కాసేపు చల్లగా అనిపించినా ఆ తర్వాత యాసిడ్ ఇంకా ఊరుతుంది. అల్లం కొద్దిగా అయితే కొందరికి మేలే, ముద్దలుగా వేస్తే అదే మంట. నేను నమ్మలేకపోయింది పుదీనా సంగతి. చలవ చేస్తుందని కాలేజీ పిల్లల కోసం పుదీనా టీ కూడా మొదలుపెట్టి ఉన్నాను. అదీ ఆ మూతిని వదులు చేసేదేనట!

ఇప్పుడు నాకు రోజుకు రెండు గ్లాసులే, అవీ ఏదైనా తిన్నాకే. రాత్రి అన్నం ఏడున్నరకల్లా తిని, మూడు గంటలు ఆగి పడుకుంటున్నాను. తలవైపు మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాను. జారిపోతామని మా ఆవిడ కింద చాప వేసుకుంది. మరీ మంటగా ఉంటే పాలు, టీపొడి లేకుండా చిటికెడు శొంఠి వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా తాగుతాను. దాన్ని మీరు టీ అంటే నాకు అభ్యంతరం లేదు, మా హమాలీలు ఒప్పుకోరు.

మొన్న డిసెంబరులో ఒకాయన తెల్లవారుజామునే గ్యాస్ అంటూ వచ్చి అల్లం టీ అడిగాడు. చలికి అందరూ వణుకుతుంటే ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. దవడ లాగుతోందన్నాడు. నాకు తట్టేలోగా రెండో గ్లాసు కూడా ఇచ్చేశాను. ఆటోలో వేసుకుని పోతే ఈసీజీ తీసి గుండెపోటన్నారు. మనిషి దక్కాడు, బరువులు మాత్రం మోయడం లేదు. మంటతోపాటు చెమట, ఆయాసం, చెయ్యో దవడో లాగడం ఉంటే టీ కొట్టుకు కాదు, 108కి ఫోన్ చేయాలని ఆ చిట్కా కింద ఒక్క లైను ఉంటే బాగుండేది.

బోర్డు మీద 'గ్యాస్‌కు' అన్న మాట మీద పెయింటు వేయించాను. 'స్పెషల్ అల్లం టీ' అట్లే ఉంది, బతకాలి కదా. గోడ మీది మీ కాగితం మాత్రం పీకలేదు. సవరణ వేస్తే దయచేసి అదే సైజులో వేయండి, సరిగ్గా దాని మీదే అంటిస్తాను.

ఇట్లు,
ఒక టీ కొట్టు యజమాని, ఆదోని, కర్నూలు జిల్లా