దాణా వేరు, మేత వేరు

సంపాదకులకు,

వానలు ముఖం చాటేసిన ప్రతిసారీ పత్రికల్లో 'దాణా కొరత', 'దాణా కోసం రైతుల పాట్లు' అని శీర్షికలు వస్తుంటాయి. లోపల చదివితే ఉండేది వరిగడ్డి ధర సంగతి, వేరుశనగ కట్టె (కాయలు తీసేశాక మిగిలే ఎండు చెట్టు) దొరకని సంగతి. అనంతపురం వైపు పశువులున్న ఇంట్లో వాటిని దాణా అనరు. కడుపు నింపేది మేత, కొలిచి పెట్టేది దాణా. ఇది ఉత్త మాటల పట్టింపు కాదు, పశువు పొట్టకు సంబంధించిన విషయం.

దాణా మనకు ఉర్దూ, హిందీల మీదుగా వచ్చిన పారశీక మాట. అక్కడ 'దానా' అంటే గింజ. సంస్కృతంలో వేయించిన యవలను 'ధానా' అన్నారు. మన ధాన్యం కూడా ఆ వంశానిదే, అంటే పారశీక మాటకు దాయాది. గుర్రాలకు పెట్టే ఉలవలనూ దాణా అనేవాళ్లు. ఇప్పుడు నూక, తవుడు, గానుగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), కందిపొట్టు కలిపిన మిశ్రమాన్ని అంటున్నాం. మేత మాత్రం 'మేయు' నుంచి పుట్టిన సొంత మాట. కన్నడంలో మేవు, తమిళంలో మేయ్. ఇక గ్రాసం సంస్కృతంలో నోటి ముద్ద. గోగ్రాసం అంటే ఆవుకు తీసి ఉంచే ముద్దే. ఆ ముద్దను కాగితాల మీద టన్నుల లెక్క గడ్డికి అతికించి పశుగ్రాసం అన్నారు. సరే, అది అందరికీ అలవాటైపోయింది. పేచీ అంతా దాణాతోనే.

1996లో బయటపడ్డ బీహార్ కుంభకోణాన్ని హిందీ వాళ్లు 'చారా' పేరుతో పిలిచారు. చారా అంటే మేత. తెలుగు పత్రికలు దాన్ని దాణా కుంభకోణం చేశాయి. మనుషులు మేసిన సొమ్ముకు మేత అన్న మాటే బాగా నప్పేది!

400 కిలోల పాడి ఆవుకు రోజుకు తేమ తీసేసిన లెక్కన 10 నుంచి 12 కిలోల తిండి కావాలి. అందులో సగానికి పైగా మేత రూపంలోనే పోవాలి. దాణా ఒళ్లు నిలబడడానికి కిలో నుంచి కిలోన్నర, ఆపైన ఆవుకైతే రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో, గేదెకైతే రెండు లీటర్లకు ఒక కిలో. గడ్డి లేదని ఆ వెలితిని దాణాతో పూడిస్తే ఏమవుతుంది? గింజలోని పిండి పొట్టలో తొందరగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేది నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలం. పొడుగు గడ్డి పోచ లోపల లేకపోతే నెమరే ఉండదు. ముందు పాలలో వెన్న పడిపోతుంది, తర్వాత పేడ పలచబడుతుంది, ముదిరితే పశువు లేవదు. కాబట్టి దాణా సంచి గడ్డివామికి బదులు కాదు.

సంచుల మీద రాసే 'సంపూర్ణ మిశ్రమ దాణా' అన్న పేరు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. అందులో నరికిన చొప్ప, గింజలు, చెక్క, ఖనిజ లవణాలు అన్నీ ఉంటాయి. అంటే మేత, దాణా రెండూ అదే. పేరు చివర దాణా చూసి రెండు కిలోలు కొలిచి పెడితే పశువు అర్ధాకలితో ఉంటుంది. అదే అలవాటుతో అసలు దాణా సంచి విప్పి తొట్టి నింపితే పైన చెప్పిన ముప్పు. దాన్ని 'కలిపిన మేత' అంటే చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది.

పేరు ఎలా ఉండాలో తెలియాలంటే పాతరగడ్డి అన్న మాట చూడండి. జొన్నలు దాచే పాతర, అంటే నేలలో తవ్విన గొయ్యి, తెలిసిన సీమలో సైలేజ్ అని వేరే చెప్పాల్సిన పని లేదు. పచ్చి మొక్కజొన్నను గింజ పాలుపట్టే దశలో కోసి, చిన్న ముక్కలుగా నరికి, తొక్కి తొక్కి గాలి లేకుండా మూసి, సుమారు 45 రోజులకు తీయాలన్న పద్ధతి సగం ఆ మాటలోనే ఉంది. కప్పిన పట్టా చిరిగి గాలి దూరితే బూజు పడుతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క లాగే అదీ పారబోయాల్సిందే.

మేత అని రాసినప్పుడు కూడా ఏ మేతో చెప్పండి. కణేకల్, బొమ్మనహాళ్ కాలువ కింద నుంచి వచ్చే వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ, వేరుశనగ కట్టెలో దానికి రెండింతలకు పైనే. జొన్న చొప్ప ఆ రెంటికీ నడుమ. ధర రాస్తే ట్రాక్టరు లోడుకా, కట్టకా, కిలోకా అన్నదీ పక్కనే వేయండి.

— ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా