పిల్లుల పద్దు: మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టు మరమ్మతు, సంపు కడిగించడం, జనరేటర్ డీజిల్ లెక్కలు సెక్రటరీగారు విడిగా పంపారు, వాటిని ఇక్కడ వెతక్కండి. ఇది పిల్లుల సంగతి ఒక్కటే. కిందటేడు జనరల్ బాడీ మీటింగులో పిల్లుల గురించి ముప్పావుగంట వాదించుకున్నాం, తీరా పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న దగ్గరికొచ్చేసరికి అందరూ ఫోన్లలోకి దూరిపోయారు, నేను టీ చెప్పడానికి బయటికెళ్ళి వచ్చేలోపు నా పేరు మినిట్స్‌లో ఎక్కేసింది. పిల్లుల్ని లెక్కపెట్టడం, వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం, పెంచుకునేవాళ్ళకి ఇప్పించడం, ఈ పని అలా మొదలైంది. ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో, ఎంత ఖర్చయిందో దాచకుండా రాస్తున్నాను.

ముందు లెక్క. పొద్దున ఆరింటికి బి-బ్లాక్ గేటు దగ్గర చేపలావిడ తట్ట దించితే చాలు, స్కూటర్ల కింద నుంచి, జనరేటర్ గది వెనక నుంచి, ప్రహరీ మీద నుంచి అన్నీ వచ్చేస్తాయి. వాచ్‌మన్, నేను వారం రోజులు అక్కడే నిలబడి, ఫోన్లో ఫొటోలు తీసి, మచ్చల్ని బట్టి గుర్తుపట్టుకుంటూ లెక్కపెడితే పెద్దవి 13 తేలాయి. "యాభై ఉంటాయండీ" అని మీటింగులో అన్నవాళ్ళు దయచేసి గమనించాలి. ఒకే పిల్లి ఐదు ఇళ్ళలో ఐదు పేర్లతో తినిపోతుంటే యాభైలాగే అనిపిస్తుంది మరి.

నన్ను మెట్ల మీద ఆపి అందరూ అడిగేది ఒకటే, "మేమూ ఒకటి పెంచుకుందామనుకుంటున్నాం, కింద తిరిగేవాటిలో మంచిది చూసి ఇప్పించండి" అని. మంచీ చెడూ కాదండీ, అది మనుషుల చేతుల్లో పెరిగిందా లేదా, ఇప్పుడు దాని వయసెంత, చూడాల్సింది ఈ రెండే. ఈ ముక్క నాకు తెలియడానికి ఒక బొటనవేలు, నాలుగు విడతల ఇంజెక్షన్లు ఖర్చయ్యాయి, ఆ కథ కిందికి వస్తుంది.

తేలికైనది ముందు చెప్తాను. జూన్‌లో ఎ-బ్లాక్‌లో ఒక ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు తెల్లపిల్లిని వదిలేసి పోయారు. అది మిగతావాటిలా స్కూటర్ల కింద నక్కలేదు. తోక నిటారుగా ఎత్తుకుని వచ్చి కాళ్ళకు రాసుకునేది, మొహంలోకి చూసి మ్యావ్ అనేది. మనిషి చేతుల్లో పెరగని పెద్దపిల్లి మనల్ని చూసి దాదాపుగా మ్యావ్ అనదు, ఇది నేను ఏడాది పొడుగునా చూశాను. ఈ తెల్లదాన్ని అదే బ్లాక్‌లో పిన్నిగారొకరు తీసుకెళ్తే మొదటి రెండు రోజులు సోఫా కింద ఉంది, మూడో రోజు పొద్దున ఆవిడ కాఫీ తాగుతుంటే పక్కన వచ్చి కూర్చుంది. పేరు లక్ష్మి. ఇంకో మాట, పెంచుకున్న జంతువును తిండీ నీళ్ళూ దొరక్కుండా వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఫ్లాట్ ఖాళీ చేసేవాళ్ళకి నో-డ్యూస్ ఇచ్చేటప్పుడు "మీ పిల్లి ఎక్కడ?" అని కూడా అడగాలని నా ప్రతిపాదన, వచ్చే మీటింగులో పెడతాను.

ఇక బొటనవేలి కథ. నల్లమ్మ తెలుసు కదా, ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉండే నల్లది. దానికి ఆపరేషన్ చేయించాక డి-బ్లాక్‌లో కొత్తగా పెళ్ళైన జంట మేం పెంచుకుంటామని ముచ్చటపడ్డారు, నేను సరేనన్నాను. తప్పు నాదే. తలుపులు వేసిన మరుక్షణం అది కర్టెన్ పట్టుకుని అటక ఎక్కి సూట్‌కేసుల వెనక దూరింది. రెండు రోజులు తినలేదు, నీళ్ళు ముట్టలేదు, ట్రేలోకి రాలేదు. మూడో రోజు రాత్రి చచ్చిపోతుందేమోనని టెన్షన్ పడి నేనే నిచ్చెన వేసుకుని దుప్పటితో పట్టుకోబోయాను, బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని ఆసుపత్రికి పరిగెత్తాను, రేబిస్ టీకా మొదటి రోజు ఒక విడత, తర్వాత మూడో, ఏడో, ఇరవై ఎనిమిదో రోజుల్లో. (పిల్లి కరిస్తే ఏం కాదు, కుక్క కరిస్తేనే అనుకునేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. పిల్లి కరిచినా అదే జాగ్రత్త, దయచేసి పసుపు పూసి ఊరుకోకండి.) ఆ రాత్రే తలుపు తీసి ఉంచాం, తెల్లారేసరికి అటక ఖాళీ. రెండు రోజుల తర్వాత నల్లమ్మ ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఎండలో పడుకుని కాళ్ళు నాక్కుంటోంది, మనతో ఎప్పుడూ పరిచయమే లేనట్టు. మనకి జాలేసింది గానీ దానికి ఆ చోటు చాలు. ఇప్పటికీ అక్కడే ఉంది, వేళకి తింటుంది, నాలుగడుగుల దూరంలోకి వెళ్తే లేచిపోతుంది. అంతకంటే దాన్ని మచ్చిక చెయ్యాలని నేనిక అనుకోవట్లేదు.

కూనల సంగతి వేరు. రెండు వారాల వయసు నుంచి ఏడెనిమిది వారాల దాకా మనిషి చెయ్యి అలవాటైతే అవి ఇంటి పిల్లులైపోతాయి, ఆ తర్వాత వారం వారానికీ కష్టం పెరుగుతుంది. మే నెలలో జనరేటర్ గదిలో నాలుగు కూనలు దొరికాయి. అంతకుముందే ఆ తల్లి వాటిని సామెతలో చెప్పినట్టు ఏడిళ్ళూ తిప్పేసింది, మనకే ఆలస్యంగా తెలిసింది. కూరగాయల త్రాసులో పెడితే ఒక్కోటి 650 గ్రాముల దగ్గర ఉన్నాయి, కళ్ళ నీలం అప్పుడప్పుడే మారుతోంది, అంటే ఆరు వారాల చిల్లర. వాటంతట అవి తినగలుగుతున్నాయని చూసుకున్నాకే తీసుకున్నాం, అదే రోజు తల్లిని కూడా పట్టి ఆపరేషన్‌కి పంపాం.

సి-బ్లాక్ మూడో అంతస్తు లెక్కల మాస్టారు వాళ్ళ రెండో బాత్రూం ఇచ్చారు. బాత్రూమేంటి పాపం అని కొందరన్నారు. పెద్ద గదిలో వదిలితే బీరువా వెనకో మంచం కిందో దూరి వారం రోజులు కనిపించవు, చిన్న గదైతే ఒక అట్టపెట్టె, అందులో పాత తువ్వాలు, మూలన ఇసుక ట్రే, అంతే, ఎక్కడున్నా మన కంటికి కనిపిస్తాయి. మాస్టారు మొదటి రెండు రోజులు చేసిన పని, ప్లాస్టిక్ స్టూలు వేసుకుని వాటివైపు చూడకుండా పేపర్ పైకి చదవడం. సంపాదకీయం నుంచి టెండర్ నోటీసుల దాకా. పిడికెడంత లేవు, నాలుగూ పెట్టెలో ఒకదాని మీద ఒకటి ఎక్కి బుస్సుమనేవి. మూడో రోజు పొడుగు గరిటె చివర ఉడికించిన చికెన్ మెత్తగా చేసి పెట్టారు, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ ఏవీ లేకుండా, ఉల్లీ వెల్లుల్లీ వాటికి విషం కాబట్టి. మాస్టారిది శాకాహారుల ఇల్లు. చికెన్ మా ఇంట్లో ఉడికి స్టీలు డబ్బాలో వెళ్ళేది, ఆయన ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో గరిటె పట్టుకునేవారు. రోజురోజుకీ గరిటె పొట్టిదైంది, ఆరో రోజుకి వేలు నాకాయి. అప్పుడు చెంప పక్కన, చెవి వెనక నిమరడం. తల మీదకి పైనుంచి చెయ్యి తెస్తే గద్ద వచ్చినట్టు బెదిరిపోతాయి.

మూడు కూనలు పదిరోజుల్లో దారికొచ్చాయి. నాలుగోది, చారలది, తోబుట్టువుల వెనక దాక్కుంటూ బుస్సుమనడం మానలేదు, దాన్ని విడిగా ఒక్కదాన్నే ఉంచాలని డాక్టరుగారు చెప్పారు. తోడు లేకపోతే మనిషినే ఆశ్రయిస్తుందట. తువ్వాలులో చుట్టి రోజుకి నాలుగుసార్లు పదేసి నిమిషాలు ఒళ్ళో పెట్టుకుంటే మూడో వారంలో ఒక మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేసి గొంతు తగ్గించి "ఏమండీ, లుంగీ మీద చిన్న మోటారేదో తిరుగుతోంది, కదలకుండా కూర్చున్నాను, మీరొచ్చి చూడండి" అన్నారు. నేను వెళ్ళేసరికి మోటారు ఆగిపోయింది గానీ కూన నిద్రపోతోంది. చారలదాన్ని ఎవరికీ ఇవ్వనన్నారు మాస్టారు. మిగతా మూడూ రెండు ఇళ్ళకి వెళ్ళాయి, ఒక ఇంటికి జంటగా. జంటగా తీసుకోండి అని అందరికీ చెప్తున్నాను, ఒకదానితో ఒకటి ఆడుకుంటే మీ సోఫా బతుకుతుంది.

మిరియం అనే నాలుగు నెలల పిల్లికూనను ఇ-బ్లాక్ టీచరుగారు తీసుకున్నారు. అది మచ్చికవడానికి ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంటుంది, కళ్ళు మెల్లగా మూసి తెరిస్తే అదీ అలాగే చేస్తుంది, కానీ ఎత్తుకోబోతే జారిపోతుంది, చుట్టాలొస్తే మంచం కింద నుంచి సాయంత్రం దాకా రాదు. ఆవిడకది చాలట. ఆ వయసు కూనను తీసుకునేవాళ్ళు ముందే ఈ లెక్క వేసుకోవాలి.

అక్టోబర్ వానల్లో జరిగింది రాయకుండా ఉండలేను. సెల్లార్‌లో నీళ్ళు చేరిన రోజు కళ్ళు తెరవని కూనలు మూడు దొరికాయి. తల్లి ఒక్కొక్కదాన్నే చోటు మారుస్తుండవచ్చు, నీళ్ళకి దూరంగా పక్కకి పెట్టి రెండు మూడు గంటలు దూరం నుంచి చూడాల్సింది, మనం తొందరపడి తెచ్చేశాం. తెచ్చాక ఇంకో తప్పు, చల్లగా బిగుసుకున్నవాటికి వెంటనే ఆవుపాలు పట్టాం. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాతే పాలు, అదీ పిల్లికూనల పాలపొడి, బోర్లా ఉంచి పట్టాలి, పసిపిల్లల్లా వెల్లకిలా కాదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. రెండు పోయాయి. మూడోదాన్ని సి-బ్లాక్ మామ్మగారు రాత్రింబవళ్ళు మూడు గంటలకోసారి లేచి, పాలు పట్టి, తడిదూదితో తుడిచి మూత్రం పోయించి బతికించారు. ఇప్పుడది ఆవిడ పూజగదిలో తప్ప అన్ని గదుల్లోనూ పడుకుంటుంది.

తిండి గొడవ. "మా ఊళ్ళో పెరుగన్నం పెట్టి పెంచాం, ఏమైంది?" అంటారు. ఊళ్ళో పిల్లి పెరుగన్నం తిని ఊరుకోదండీ, గాదె దగ్గర ఎలకల్ని, గోడ మీద బల్లుల్ని చూసుకునేది. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో అవెక్కడివి? మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లికి గుండె, చూపు దెబ్బతింటాయి. ఇంట్లో నీచు వండనివాళ్ళు పిల్లుల పొడి మేత ప్యాకెట్ కొనండి, అంతే. పెద్దపిల్లులకు పాలు చాలావాటికి అరగవు, విరేచనాలే. పిల్లి ఉన్న ఇంట్లో నేల తుడవడానికి ఫినైల్ వద్దు, పాదాలకంటినది నాక్కుంటాయి. జ్వరమనుకుని పారాసిటమాల్ మాత్ర అసలే వద్దు, అరమాత్రకే ప్రాణం పోవచ్చు. పావురాల కోసం కట్టిన వల చిరిగిపోయి ఉంటే పిల్లిని తెచ్చేముందే కుట్టించండి.

బోను పని గురించి ఎక్కువ రాయను, చూసినవాళ్ళకి తెలుసు. ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపి, బోనులో ఎండు నెత్తళ్ళు పెట్టి, పడగానే మీద దుప్పటి కప్పేస్తే చీకట్లో శాంతిస్తుంది. 10 పిల్లులకు ఆపరేషన్లయ్యాయి, ఆరు ఆడవి, నాలుగు మగవి. చెవి కొన కత్తిరించి ఉన్నది చూసి "ఎవరో హింసించారు" అని గ్రూపులో పెట్టకండి, ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు, మళ్ళీ పట్టి కొయ్యకుండా. రాత్రి రెండింటికి ఏడుపులు ఈ చలికాలం తగ్గాయని డి-బ్లాక్ వాళ్ళే ఒప్పుకున్నారు.

పొద్దున్నే పిల్లి ఎదురొస్తోందని, వీటినన్నిటినీ బీచ్ రోడ్డు అవతల వదిలేయమని రెండు ఉత్తరాలొచ్చాయి. కుదరదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆవరణలో ఉండే జంతువులకు తిండి ఏర్పాటు చూడాల్సింది అసోసియేషనే, అదీ పిల్లలు ఆడుకునే చోటుకి, మెట్లకి, రాకపోకల దారికి దూరంగా. అందుకే గిన్నెల్ని ట్రాన్స్‌ఫార్మర్ పక్క ప్రహరీ మూలకి మార్చాం. ఎదురొచ్చే బాధ కూడా సగం తగ్గింది, ఇప్పుడవి ఆ వేళకి అటే చూస్తుంటాయి.

డబ్బు. ఆపరేషన్లకి 20,000, టీకాలు, నులిపురుగుల మందుకి 6,300, రెండు బోన్లకి 5,000, మేతకి 9,000. మొత్తం 40,300 రూపాయలు. విరాళాలు 36,500 వచ్చాయి. లోటు 3,800 ప్రస్తుతానికి కోశాధికారిగారి జేబులో నుంచి, ఆయన అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను. గోళ్ళతో చిరిగిన స్కూటర్ సీట్ల పరిహారం ఈ పద్దులో లేదు, అడిగి లాభం లేదు.

ఆపరేషన్ కావాల్సినవి ఇంకా మూడు మిగిలాయి. అందులో రెండు ఆడవి, ఒకటి సర్పంచ్, సగం చెవి ఏనాడో కొట్లాటలో పోగొట్టుకున్న ఆ గండుపిల్లి. మూడుసార్లు బోను పెడితే మూడుసార్లూ బయట కూర్చుని చూసింది, ఒకసారి బోను మీదెక్కి పడుకుంది. ఈ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్ళీ పెడుతున్నాం. శనివారం రాత్రి ఎనిమిది తర్వాత ఎవరూ ఏమీ పెట్టకండి. మామ్మగారూ, మీకు ప్రత్యేకంగా చెప్తున్నాను, వెనక బాల్కనీ నుంచి సర్పంచ్‌కి జారవిడిచే చేపముక్క కూడా లెక్కలోకే వస్తుంది. బోను మోయడానికి ఇద్దరు కావాలి, వాచ్‌మన్‌కి పేరు చెప్పండి, పాత దుప్పటి ఉంటే తెండి.