ఆ బడిలో నేనూ ప్రార్థన చేశాను

సంపాదకులకు నమస్కారం.

నాలాంటి పిల్లల గురించి, ‘ఇలాంటి పిల్లల్ని దైవభక్తి నేర్పే బడిలో వేస్తే వాళ్లే దారికొస్తారు’ అని పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒకావిడ రాశారు. నేను అలాంటి బడిలోనే పదేళ్లు చదివాను. నా వయసు 34. ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు గానీ నేను ఆడదాన్ని. భక్తి లేకే మేం ఇలా అయ్యామని ఎవరూ అనుకోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బడిని ఒక మతసంస్థ నడిపేది. పొద్దున్నే ప్రార్థన. మగపిల్లలది ఒక వరస, ఆడపిల్లలది ఇంకో వరస. ఆ వరసలు కడుతుంటేనే నాకు గుండె దడ మొదలయ్యేది. పాటల బృందంలో మాత్రం గొంతును బట్టి నిలబెట్టేవారు. నాది సన్నని గొంతు, అందుకని ఆడపిల్లల మధ్యలో ఉండేదాన్ని. రోజు మొత్తంలో ఆ పావుగంటే నాది. ‘దేవుడా, నా గొంతు మారనివ్వకు’ అని రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని మొక్కుకునేదాన్ని. పదమూడో ఏట మారింది. నన్ను వెనక వరసలోకి పంపారు. ఆ తర్వాత రెండేళ్లు నేను పాడలేదు, ఊరికే పెదవులు కదిపాను.

బడిలో ఉన్నంతసేపూ మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. మగపిల్లల బాత్రూమ్‌లోకి వెళ్తే బయట గొళ్లెం పెట్టేసేవారు.

చివరికి ఒక టీచరుకు చెప్పుకున్నాను. నాన్నను పిలిపించారు. ఇక నలభై రోజులు బడి వదిలాక నా ఒక్కదాని కోసం ప్రత్యేక ప్రార్థన, వారానికో ఉపవాసం. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నా కోసం నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు. అందుకే నేనూ నమ్మాను. నాలో మార్పు రాలేదంటే నా ప్రార్థనలోనే లోపం ఉందనుకున్నాను. పద్నాలుగేళ్ల పిల్లకు అంత బరువు ఎందుకు?

ఇది జబ్బూ కాదు, పట్టుకున్న దయ్యమూ కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మాలాంటివాళ్ల పరిస్థితిని మానసిక రుగ్మతల విభాగంలోంచి తీసేశారు. ఇలా ‘మార్చే’ ప్రయత్నాలను ప్రపంచమంతటా నిషేధించాలని ఐక్యరాజ్యసమితి స్వతంత్ర నిపుణుడు 2020లోనే కోరారు. బడులు నడిపేవారికి ఈ మాట చేరిందో లేదో!

తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఆడో మగో తెలీదు. అలాంటి మాటలతో నా గురించి నేను చెప్పుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఎవరైనా ‘వాడు’ అన్నప్పుడే గుచ్చుకునేది. వెనక వరసలో నా పెదవులు ఊరికే కదలడం ఒక్క పాటల మాస్టారే కనిపెట్టారు. ‘గొంతు మారితే పాట పోదమ్మా’ అన్నారు. ఆ ‘అమ్మా’ అలవాటుగా వచ్చిన మాటే కావచ్చు. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా దాన్నే తలుచుకుంటూ నడిచాను.

బడులు తమ నమ్మకాలు వదులుకోవాలని నేను అడగడం లేదు. ఎవరైనా వాడుకోగలిగేలా లోపల గొళ్లెం ఉన్న బాత్రూమ్ ఒకటి పెట్టండి. బిడ్డ నమ్మి చెప్పుకున్నది, ఆ బిడ్డను అడగకుండా ఇంటికి చేరవేయకండి. ఆ ప్రత్యేక ప్రార్థనలు ఆపేయండి.

ఉత్తరం రాసిన ఆవిడకు ఒక్క మాట. మీకు తెలిసిన బిడ్డ ఎవరైనా ఉంటే, బడి మార్చేముందు దగ్గర కూర్చోబెట్టుకుని, రాత్రిళ్లు దేవుణ్ని ఏం కోరుకుంటోందో అడగండి.

— ఒక పాఠకురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)